డేవిడ్ హిర్ష్ వాదన అసలేంటి? ఇజ్రాయెల్‌ని విమర్శిస్తే యూదు ద్వేషమేనా?

పుస్తకాలపురుగు: సోషియాలజీ సెమినార్‌కి డేవిడ్ హిర్ష్ మీద మాట్లాడాలి. లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో సోషియాలజీ చెప్పినాయన, 2017లో లెఫ్ట్‌లో ఉన్న యాంటీసెమిటిజం (యూదు ద్వేషం) మీద పుస్తకం రాశాడు. ఆయన గురించి చదివితే సగం మంది ఆహా అంటారు, సగం మంది ఇజ్రాయెల్‌కి వకీలు అంటారు. ఎవరైనా కాస్త అర్థమయ్యేలా చెప్తారా?

నిదానం: వకీలు అనేది మరీ అన్యాయం అండి. ఆయనా లెఫ్ట్ నుంచే వచ్చాడు, ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శించడం తప్పని ఎక్కడా అనడు. 2005 ఏప్రిల్‌లో బ్రిటన్ లెక్చరర్ల యూనియన్ ఏయూటీ ఇజ్రాయెల్‌లోని హైఫా, బార్ ఇలాన్ యూనివర్సిటీలని బాయ్‌కాట్ చేయాలని తీర్మానించింది, దానికి ఎదురుగా ఈయన కొందరితో కలిసి ఎంగేజ్ అనే గ్రూప్ పెట్టాడు, నెల తిరిగేసరికి యూనియనే ఆ తీర్మానం రద్దు చేసుకుంది. ప్రపంచంలో ఇన్ని దేశాలు ఇన్ని ఘోరాలు చేస్తుంటే ఒక్క ఇజ్రాయెల్ ప్రొఫెసర్లనే ఎందుకు వెలివేస్తున్నారు అన్నది ఆయన ప్రశ్న.

మీ సెమినార్‌కి అసలు పనికొచ్చేది లివింగ్‌స్టన్ ఫార్ములేషన్, ఆ పేరు పెట్టింది ఈయనే. 2005లో లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ ఒక పార్టీ నుంచి బయటికొస్తూ, ప్రశ్న అడిగిన రిపోర్టర్ని నాజీ క్యాంప్ గార్డుతో పోల్చాడు, అతను నేను యూదుణ్ణి అని చెప్పాక కూడా. గొడవయింది. తర్వాత మేయర్ గారు ఏమని రాశాడంటే, ఇజ్రాయెల్‌ని విమర్శించే వాళ్ల నోరు మూయించడానికే ఈ యాంటీసెమిటిజం ఆరోపణలు వాడుతున్నారని. అక్కడ ఇజ్రాయెల్ ఊసే లేదు కదా! ఆరోపణకి జవాబు చెప్పకుండా, చేసినవాళ్ల ఉద్దేశం మంచిది కాదనేసి తప్పుకోవడం, హిర్ష్ పట్టుకున్నది దీన్నే.

ఎదురుగాలి: బానే ఉంది గానీ ఆ ఫార్ములాకి ఇంకో వైపు ఉంది. నిజంగానే అబద్ధపు ఆరోపణ పడినవాడు ఏం చెప్పుకోవాలి? నేను కాదు, నన్ను ఇరికిస్తున్నారు అన్నాడంటే అదిగో ఫార్ములేషన్ అంటారు, ఇక వాడు బయటపడే దారేది? పైగా దీని మీద స్కాలర్లకే ఏకాభిప్రాయం లేదు. ఐహెచ్‌ఆర్ఏ (హోలోకాస్ట్ స్మృతి కోసం పనిచేసే దేశాల కూటమి) 2016లో ఒప్పుకున్న యాంటీసెమిటిజం నిర్వచనంలో 11 ఉదాహరణలుంటే అందులో 7 ఇజ్రాయెల్ చుట్టూనే. దాని డ్రాఫ్ట్ రాసిన ముఖ్యుడు కెన్నెత్ స్టెర్న్ యూదుడే, ఆయనే తర్వాత దీన్ని క్యాంపస్‌లలో మాట్లాడనివ్వకుండా చేయడానికి వాడొద్దని మొత్తుకున్నాడు. దానికి పోటీగా స్కాలర్లు ఇచ్చిన ఇంకో నిర్వచనం, 2021లో వచ్చిన జెరూసలేం డిక్లరేషన్ అయితే బాయ్‌కాట్ దానంతటదే యాంటీసెమిటిజం కాదని తేల్చేసింది, సంతకాలు పెట్టిన వాళ్లలో యూదు స్కాలర్లూ బోలెడు మంది.

నిదానం: @ఎదురుగాలి, ఇరికిస్తున్నారు అనడమే నేరమని ఆయన అనట్లేదు కదా. ముందు నేనేమన్నానో, అందులో తప్పేంటో చూసి జవాబు చెప్పు, ఆ తర్వాత అవతలివాడి ఉద్దేశం గురించి మాట్లాడు అంటున్నాడు, అంతే. కాకపోతే ఆయన పేరు చెప్పుకుని వాదించేవాళ్లు ఈ తేడా పాటించరు, అది మాత్రం ఒప్పుకుంటా.

పుస్తకాలపురుగు: థాంక్స్ ఇద్దరికీ. అయితే లివింగ్‌స్టన్ గొడవతో మొదలుపెట్టి, దానికి ఎదురుగా స్టెర్న్ అభ్యంతరాన్ని కూడా చెప్తా. మా సార్ బాయ్‌కాట్ పక్షం, ఎలాగూ ఉతికేస్తారు 😅