గాజుకుప్పెలోన... "కడఁగుచు"నా, "కడుగుచు"నా?

(నలుగురి మాటలివి, ఎవరి ఊరే వారికి పేరు.)

హనుమకొండ: నానమ్మ సందుగ సర్దుతుంటే రెండు గాజు గిలాసలు దొరికాయి. అంచుకు బంగారు పూత, ఒంటి మీద తెల్లటి పూలు. వాటిని కడిగేటప్పుడల్లా ఆమె వేమన పద్యం అందుకునేది: "గాజుకుప్పెలోన కడుగుచు దీపంబు / దెట్టులుండు జ్ఞాన మట్టులుండు..." పుస్తకం తీస్తే "కడఁగుచు" అని ఉంది. నా చెవిలో ఉన్నది మాత్రం "డు". వారం నుంచి ఇదే టెన్షన్. ఏది సరి?

జనగామ: ఛందస్సును అడిగితే తేలదు. కడఁగుచు, కడుగుచు రెండూ నలమే (నాలుగు లఘువుల గణం), ఆటవెలది మొదటి పాదంలో నాలుగో గణంగా రెండూ కూర్చుంటాయి. గా-క యతి కూడా రెంటికీ చెల్లుతుంది. కాబట్టి అర్థమే దారి. కడఁగు అంటే పూనుకొను. జ్ఞానం పూనికతో వెలగాలి. నా ఓటు దానికే.

పరకాల: మా సార్ "కదలక" అని చెప్పారు. అదీ నలమే. గాజులో దీపం గాలికి కదలదు, జ్ఞాని మనసూ అంతే. ఇంతకంటే సూటి అర్థం ఉందా? ఇక "కడుగుచు" ఇళ్లలో పుట్టిన పాఠం అనుకుంటా. పొద్దుగూకే వేళ కందీలు గాజును బూడిదతో కడిగి ఎక్క ముట్టించిన చేతులకు ఆ మాటే వస్తుంది.

జనగామ: "కదలక" ఏ ప్రతిలో ఉందో చెప్పండి. 1829లో బ్రౌన్ అచ్చు వేయించే నాటికే వేమనకు పాఠాంతరాలు బోలెడు. రెండో పాదంలో "దెట్టు-మట్టు" ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరం కలవడం) చూడండి, ఎంత హాయిగా పడిందో! ఈ దేశి పోకడకు మా పాలకుర్తి సోమన ఎప్పుడో దారి వేశాడు. ద్విపదను నెత్తిన పెట్టుకున్నవాడు...

కరీంనగర్: సోమన దగ్గరికి తర్వాత వెళ్దాం. కుప్పె తాగే పాత్ర కానే కాదు, బుడ్డి లాంటిది. జడకుప్పెల్లో ఉన్న గుండ్రటి ఆకారం గుర్తు చేసుకోండి. నానమ్మ చేతిలోది గిలాస. ఆ మాట ఇంగ్లిష్ గ్లాసే, ఉర్దూ నోట్లో నాని మనకు వచ్చింది. పార్సీలో గీలాస్ అంటే చెర్రీ పండు, అది వేరే మాట. పూల గాజు చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లండి, బొహీమియా, వెనిస్ పనితనం కనిపిస్తుంది. ఇంగ్లండులో 1745 చట్టంతో గాజు మీద బరువును బట్టి పన్ను పడింది. దాంతో గ్లాసులు తేలికయ్యాయి, సొగసంతా చెక్కుడు పూలకూ మెలికల కాడకూ మళ్లింది. గద్దె పోయిన రాజవంశాన్ని అభిమానించేవాళ్లు గులాబీ, మొగ్గలు చెక్కించుకుని ఆ గ్లాసులతో రహస్యంగా తాగేవారు. ఎవరు ఎవరి మనిషో గ్లాసు చెప్పేది.

పరకాల: మన దగ్గరా చెప్పింది, రహస్యం లేకుండానే. పటేల్ వస్తే పూల గిలాస. జీతగాడికి దోసిట్లోకి పైనుంచి నీళ్లు. చాయ హోటళ్లలో కొందరి గ్లాసులు బయట చూరు కింద వేరుగా ఉండేవి, తాగినవాళ్లే కడిగి పెట్టాలి. మా నాయన అట్లా కడిగినవాడే. "కడుగుచు" అని వినబడితే నాకు ముందు ఆయన చేతులే కళ్లముందుకొస్తాయి.

జనగామ: ఆ మాట తర్వాత నా పూనిక అర్థం కాస్త బలహీనమైంది. అయినా వ్యాకరణం ప్రకారం దీపం దేన్నీ కడగదు కదా! "కడఁగుచు" నేను వదలను.

కరీంనగర్: వెలుగు లోపలి నుంచి గాజును కడుగుతోంది అనుకోరాదా?

హనుమకొండ: ఇవన్నీ చదివి గిలాసలు మళ్లీ తీసి చూశాను. ఒకదానికి అంచు పూత ఒక్క పక్కనే అరిగిపోయింది, పెదవి ఆనే చోట. రెండోది కొత్తదానిలాగే ఉంది. అందులో తాగే మనిషి మా ఇంటికి ఎప్పుడూ రాలేదేమో.