కుక్కకి మామిడిపండు, పనస తొనలు పెట్టొచ్చా?

పర్లాకిమిడి కుర్రాడు:
మా ఇంట్లో లాబ్రడార్ ఉంది, పేరు టైగర్. ఈ ఎండలకి అన్నం సరిగ్గా ముట్టట్లేదు గానీ మామిడిపండు కోస్తే చాలు, వంటగది గుమ్మంలో చొంగ కార్చుకుంటూ కూర్చుంటాడు. ఉద్దానం నుంచి చుట్టాలు పనసకాయలు కూడా దింపారు. మా నాయనమ్మ వాడు అడిగినవన్నీ పెట్టేస్తుంది, మా బావేమో పళ్లు పెడితే కుక్కకి సుగర్ వస్తుందని గొడవ. ఇంతకీ ఏవి పెట్టొచ్చు? పైగా మా ఒడిశాలో చేసే రజ పండగ వస్తోంది, ఇంటి నిండా పిండివంటలే.

బరంపురం అత్తయ్య:
మామిడి పెట్టొచ్చు బాబూ, తొక్కా టెంకా తీసేసి. ఆ టెంక మాత్రం వాడికి అందేచోట పడెయ్యకు. లాబ్‌లు నమలవు, మింగేస్తాయి, పేగులో అడ్డం పడిందంటే ఆపరేషనే. అరటి, బొప్పాయి, జామ, పుచ్చకాయ ఎర్రగుజ్జు, ఇవన్నీ గింజలు తీసి పెడితే ఫర్వాలేదు. అదీ రెండు మూడు ముక్కలు, ఎప్పుడైనా ఒకసారి. పళ్లు, బిస్కెట్లు అన్నీ కలిపినా రోజు తిండిలో పదో వంతు దాటకూడదంటారు డాక్టర్లు. కుక్క బాగా లావుగా ఉన్నా, ఇప్పటికే సుగర్ ఉన్నా మీ బావ మాటే వినండి.

పనస తొన చిన్న ముక్క చాలు, పిక్క వద్దు. మా కుక్కగాడు ఓసారి పనస కోసిన పేపరు నాకేసి, ఆ జిగురు మూతికి అంటుకుంటే ముందుకాళ్లతో రుద్దుకుని చెవుల దాకా పూసుకున్నాడు. సబ్బుకి లొంగలేదు, కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిస్తే వదిలింది.

రాయగడ మందులషాపు:
మామిడి గురించి కాదు, మీరు టెన్షన్ పడాల్సింది రజకి చేసే పిండివంట పొడొపిఠా గురించి. అందులో కిస్‌మిస్ వేస్తారు కదా. ద్రాక్షపళ్లు, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని పాడుచేస్తాయి, ఇన్ని తింటే ఏమీ కాదు అని చెప్పే లెక్క లేదు. ఒక కుక్క గుప్పెడు తిని తిరుగుతుంది, ఇంకోటి నాలుగు తిని పడిపోతుంది. పాయసం, చక్రపొంగలి కూడా అంతే, ప్రసాదమని ఓ ముద్ద పెట్టేస్తారు మనవాళ్లు.

ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆసిడే దీనికి కారణం కావచ్చని అమెరికాలో జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ వాళ్ల విషాల విభాగం డాక్టర్లు 2021లో చెప్పారు. ఆ ఆసిడ్ మన చింతపండులో దండిగా ఉంటుంది, చింతపండు తిన్న కుక్కలకి కూడా ఇలాగే కిడ్నీలు దెబ్బతిన్న కేసులు రాశారు. కాబట్టి మిగిలిన పులిహోర కుక్క గిన్నెలో వెయ్యకండి.

ఒకవేళ తినేస్తే వాంతులు మొదలయ్యేదాకా చూస్తూ కూర్చోవద్దు, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మొదటి గంటా రెండు గంటల్లో అయితే వాళ్లు మందిచ్చి కక్కిస్తారు. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే పని పెట్టుకోకండి, అది ఇంకో ప్రమాదం. ఒకటి రెండు రోజులు పోయాక నీరసపడి, ఉచ్చ తగ్గిపోతే అప్పటికి కిడ్నీలు దెబ్బతిన్నట్టే.

గుణుపురం రైతు:
సీతాఫలం గింజలు కూడా చేర్చండి. ఆ గింజల పొడి పేలకి వాడేవాళ్లు, కంట్లో పడితే కన్ను పోయినంత పని అవుతుంది, అది కుక్క కడుపులోకి ఎందుకు? ఆపిల్ అయితే గింజలు, తొడిమ తీసి పెట్టండి. ఇంకోటి, మీకు జీడితోటలుండే ఉద్దానంలో చుట్టాలున్నారు కాబట్టి చెప్తున్నా, పచ్చి జీడిగింజ నోట్లో పెట్టనివ్వకండి, తొక్కలో నూనెకి మన చేతులే పొక్కిపోతాయి.

పర్లాకిమిడి కుర్రాడు:
చింతపండు సంగతి అసలు తెలీదు! నాయనమ్మకి చదివి వినిపించాను, "మా కాలంలో కుక్కలు అన్నీ తినేవి" అని ఒక్కమాట అని, పిఠా డబ్బా మాత్రం పై అరలో పెట్టింది. కొబ్బరి ముక్క సంగతేంటండీ?

బరంపురం అత్తయ్య:
లేత కొబ్బరి ఓ ముక్క పెట్టుకో, ఎక్కువైతే కొవ్వుకి విరేచనాలు పట్టుకుంటాయి. చిప్ప, పీచు ఇవ్వకు.