మైకు వదిలేస్తున్న డబ్బింగ్ అక్కకు పిల్లల ఉత్తరాలు ఎలా పంపాలి?

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. ఒక జపాన్ కార్టూన్‌లో అల్లరి పిల్లాడికి తెలుగు గొంతు ఇచ్చే అక్క, నలభై ఏళ్లు నిండకముందే డబ్బింగ్ మానేస్తున్నానని చెప్పింది. గొంతులో నాడ్యూల్స్ వచ్చాయట. ఫైటింగ్ సీన్లకు అదే పనిగా అరిచేవాళ్లకు స్వరతంత్రుల మీద కాయలు కాసినట్టు గట్టిపడుతుంది. దానికి గొంతుకు రెస్ట్ ఇవ్వాల్సిందే.

అభిమానులు చాలామంది 'మీరు రాకపోతే ఇక చూడం' అంటున్నారు. ప్రేమతోనే అంటున్నారు, కానీ ఆమెకు అదో టెన్షన్ కదా. జపాన్‌లో డోరేమాన్‌కు 1979 నుంచి గొంతు ఇచ్చిన నొబుయో ఒయామా 2005లో తప్పుకున్నాక వసాబి మిజుటా వచ్చింది. డోరేమాన్ ఆగిపోలేదు.

మా అన్న కూతురు లాంగ్ నోట్‌బుక్ కాగితం మీద 'అక్కా, మీరు అస్సలు మాట్లాడకండి, వేడినీళ్లు తాగండి' అని రాసి, పక్కన ఆ పిల్లాడి బొమ్మ వేసింది. చూసి దాని ట్యూషన్ దోస్తులూ రాశారు.

ఆమె ఇంటి అడ్రస్ నాకు వద్దు, అది అడగడం పద్ధతి కాదు. హైదరాబాద్‌లో డబ్బింగ్ ఆర్టిస్టుల యూనియన్ ఆఫీసుకు పంపితే ఆమెకు అందిస్తారా? లేక డబ్బింగ్ జరిగిన స్టూడియోకు పంపడం నయమా? ఆ ఫీల్డులో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.