జాంగో టెంప్లేట్‌లోని జావాస్క్రిప్ట్‌ను విడి ఫైలులోకి మార్చాక సర్వరుతో అనుసంధానం తెగిపోయింది

ప్రశ్న (మంజీర_తీరం)

నమస్కారం. పైథాను వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగో 4.2లో ఒక దరఖాస్తు ఫారం తయారు చేస్తున్నాను. జిల్లాను ఎంచుకోగానే ఆ జిల్లాలోని మండలాలు మాత్రమే రెండో డ్రాప్‌డౌన్‌లోకి రావాలి. అందుకు కావలసిన జావాస్క్రిప్ట్‌ను మొదట టెంప్లేట్‌లోనే (జాంగో విలువలు నింపి పేజీగా మార్చే హెచ్‌టీఎంఎల్ ఫైలులోనే) రాశాను, అది సక్రమంగా పనిచేసింది. పేజీ మరీ పొడవవుతోందని ఆ కోడును స్టాటిక్ ఫోల్డరులోని విడి ఫైలుకు మార్చినప్పటి నుంచి, సర్వరు చిరునామా కోసం నేను రాసిన యూఆర్ఎల్ ట్యాగు బ్రాకెట్లతో సహా ఉన్నదున్నట్టుగా బ్రౌజరుకు చేరుతోంది, ఫలితంగా 404 (పేజీ దొరకలేదు) వస్తోంది. జిల్లాల జాబితాను ఇంతకాలం, గుర్తులను మార్చకుండా ఉన్నదున్నట్టు ఉంచే సేఫ్ ఫిల్టరుతో స్క్రిప్ట్‌లోకి పంపుతున్నాను. అది ప్రమాదమని ఈమధ్యే చదివాను. ఇక వివరాలను జేసన్‌గా (డేటాను పాఠంగా రాసే పద్ధతి) మార్చి, జావాస్క్రిప్ట్‌లోని ఫెచ్‌తో సర్వరుకు పంపితే 403 (అనుమతి లేదు) వస్తోంది. ఆ వ్యూకు (అభ్యర్థనకు జవాబిచ్చే కోడుకు) సీఎస్ఆర్ఎఫ్ రక్షణ, అంటే వేరే సైటు నుంచి దొంగచాటుగా వచ్చే అభ్యర్థనలను అడ్డుకునేది, తీసేస్తే పని జరుగుతుందని తెలుసు గానీ, అందుకు మనసొప్పడం లేదు. రియాక్ట్ వంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీల జోలికి పోకుండా ఇది చేయవచ్చా?

సమాధానం (పాత_పైథాను)

చేయవచ్చు, మీ ఫారానికి రియాక్ట్ అవసరం లేదు. వ్యూ ఏ టెంప్లేట్‌ను రెండర్ చేయమంటుందో దాన్ని మాత్రమే టెంప్లేట్ ఇంజను చదువుతుంది. స్టాటిక్ ఫైళ్లను అది తెరిచి కూడా చూడదు, అందుకే మీ ట్యాగు మారకుండానే బ్రౌజరుకు వెళుతోంది. సైటును హోస్టింగుకు ఎక్కించాక వాటిని సాధారణంగా ఇంజిన్ఎక్స్ వంటి సర్వరే నేరుగా అందిస్తుంది కనుక, ఆ అభ్యర్థన జాంగో దాకా రానే రాదు. జావాస్క్రిప్ట్ ఫైలును కూడా టెంప్లేటుగా రెండర్ చేయమని కొందరు చెబుతారు గానీ, క్యాషింగు వల్ల కలిగే మేలు పోగొట్టుకుని ఆ పని చేయడం నాకు సమ్మతం కాదు.

చిరునామాను ఫారం ట్యాగులోనే, డేటా అనే మాటతో మొదలయ్యే ఒక ఆట్రిబ్యూటుగా టెంప్లేట్‌లో రాయండి. స్క్రిప్ట్ దాన్ని ఆ ఫారం డేటాసెట్ నుంచి తీసుకుంటుంది. అప్పుడు యూఆర్ఎల్ నమూనా రేపు మారినా స్క్రిప్ట్‌ను ముట్టుకోనక్కరలేదు.

సేఫ్ ఫిల్టరు గురించి మీరు చదివింది నిజమే. డేటాబేసులోకి చేరిన ఏదో ఒక పేరులో స్క్రిప్ట్ ముగింపు ట్యాగు ఉంటే చాలు, బ్రౌజరు మీ కోడును అక్కడితో ముగించి, ఆ తరువాత ఉన్నదంతా పేజీలో భాగంగా చదువుతుంది. పోనీ సేఫ్ తీసేద్దామంటే, కొటేషన్ గుర్తులు హెచ్‌టీఎంఎల్ సంకేతాలుగా మారి జావాస్క్రిప్ట్‌కు అర్థం కాకుండా పోతాయి. ఈ చిక్కు కోసమే 2.1 వెర్షనులో జేసన్_స్క్రిప్ట్ ఫిల్టరును చేర్చారు: అది డేటాను మీరిచ్చిన ఐడీతో, బ్రౌజరు అమలు చేయని రకం స్క్రిప్ట్ ట్యాగులో ఉంచి, కోణాకార బ్రాకెట్లను యూనికోడ్ సంకేతాలుగా మారుస్తుంది. మీరు ఆ ట్యాగును ఐడీతో పట్టుకుని, లోపలి పాఠాన్ని జేసన్ పార్స్‌కు ఇస్తే సరి. పేజీ సోర్సులో తెలుగు పేర్లన్నీ బ్యాక్‌స్లాష్‌లతో, అంకెలతో నిండి కనిపిస్తాయి, కంగారు పడకండి. పార్స్ చేయగానే మళ్లీ తెలుగులోకి వస్తాయి.

సమాధానం (రాత్రి_షిఫ్టు)

403 గురించి చెబుతాను. అభ్యర్థన మీ పేజీ నుంచే వచ్చిందని చూపే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌ను జాంగో ముందు పోస్ట్ డేటాలో వెతుకుతుంది, అక్కడ లేకపోతే ఎక్స్-సీఎస్ఆర్ఎఫ్‌టోకెన్ అనే హెడరులో చూస్తుంది. మీరు జేసన్ పంపుతున్నందువల్ల రిక్వెస్ట్ పోస్ట్ ఖాళీగా ఉంటుంది, హెడరు మీరు పెట్టి ఉండరు. టెంప్లేట్‌లో టోకెన్ ట్యాగు ఉంటే, ఫారం మొత్తాన్ని ఫార్మ్‌డేటాగా పంపడమే తేలిక: దాచిన టోకెన్ గడి కూడా దానితోపాటే వెళుతుంది, హెడరు అవసరమే రాదు, వ్యూలో రిక్వెస్ట్ పోస్ట్ మామూలుగా పనిచేస్తుంది. అయితే అప్పుడు కంటెంట్-టైప్ హెడరును మీరు స్వయంగా పెట్టకూడదు. పెడితే బ్రౌజరు చేర్చవలసిన బౌండరీ (గడులను వేరుచేసే గుర్తు) విలువ లోపించి సర్వరు ఆ డేటాను విడదీయలేదు.

అభ్యర్థన స్క్రిప్ట్ నుంచి వచ్చిందో లేదో చూడడానికి పాత పాఠాల్లో కనిపించే ఈజ్_అజాక్స్ జోలికి వెళ్లకండి. దాన్ని 4.0లో తొలగించారు.

మంజీర_తీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. 404, 403 రెండూ పోయాయి. ఇప్పుడు మండలాలు డ్రాప్‌డౌన్‌లోకి వస్తున్నాయి గానీ, ఒకదాన్ని ఎంచుకుని సమర్పిస్తే అది సరైన ఎంపిక కాదని ఫారమే తిరస్కరిస్తోంది. మండలాల క్వెరీసెట్‌ను (డేటాబేసు నుంచి వచ్చే ఎంపికల జాబితాను) మొదట ఖాళీగా ఉంచాను, స్క్రిప్ట్ నింపుతుంది కదా అని.

సమాధానం (పాత_పైథాను)

స్క్రిప్ట్ నింపింది బ్రౌజరులోని పేజీని మాత్రమేనండి. సమర్పణ వచ్చినప్పుడు జాంగో ఫారాన్ని మళ్లీ మొదటి నుంచి నిర్మిస్తుంది, అందులో క్వెరీసెట్ ఇంకా ఖాళీగానే ఉంటుంది కనుక ఏ మండలమైనా దానికి చెల్లనిదే. ఫారాన్ని నిర్మించేటప్పుడు నడిచే, ఫారం క్లాసు ఇనిట్ మెథడులో, వచ్చిన డేటాలో జిల్లా ఉందేమో చూసి, ఉంటే ఆ జిల్లా మండలాలను క్వెరీసెట్‌గా ఇవ్వండి. పాత దరఖాస్తును సవరించే సందర్భంలో ఇన్‌స్టెన్స్‌లోని (అంతకుముందు దాచిన ఆ దరఖాస్తులోని) జిల్లాను తీసుకోవాలి. జిల్లా విలువ అంకె కాకపోయే అవకాశం ఉంది కాబట్టి దాన్ని అంకెగా మార్చే చోట వాల్యూఎర్రర్ అనే దోషాన్ని పట్టుకోండి. తిరస్కరణ తప్పించుకోవడానికి అన్ని మండలాలనూ క్వెరీసెట్‌లో పెట్టేస్తే, ఒక జిల్లాకు వేరే జిల్లా మండలం జతచేసి పంపినా ఫారం ఒప్పేసుకుంటుంది.