వరంగల్ రేడియో చరిత్ర ఎక్కడ మొదలు? దక్కన్ రేడియోను కలపాలా, వద్దా?

కాకతీయ శ్రోత (చర్చ మొదలుపెట్టినవారు)

ఫిబ్రవరి 13 ప్రపంచ రేడియో దినోత్సవానికి హనుమకొండలో పాత రేడియో సెట్లతో చిన్న ప్రదర్శన పెడదామని మేం కొందరం అనుకున్నాం. సెట్లు దొరికాయి, ఫొటోలు దొరికాయి. పేచీ అంతా మొదటి బోర్డు మీద ఏం రాయాలన్న దగ్గరే వచ్చింది.

వరంగల్ ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రం 1990లో వచ్చింది కాబట్టి మన చరిత్ర అక్కడి నుంచే అని కొందరు. హైదరాబాద్ స్టేషన్ ఆకాశవాణి చేతికి వచ్చిన 1950 ఏప్రిల్ 1 నుంచి రాస్తే ఏ గొడవా ఉండదని ఇంకొందరు. నేను మాత్రం 1933 నుంచి రాయాలంటాను. ఆ ఏడాది తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ హైదరాబాద్ చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల చిన్న స్టేషన్ సొంతంగా పెట్టాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 1939 నాటికి సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ నిలబడింది. అదే దక్కన్ రేడియో. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలు కూడా వచ్చేవి.

1990కి ముందు మన ఊళ్లలో రేడియో మోగలేదా? మోగింది. ఎవరి గొంతుతో మోగిందో రాయకుండా బోర్డు ఎలా పెడతాం? మీ అభిప్రాయాలు చెప్పండి.

పరకాల బిడ్డ

అన్నా, మీ మీద గౌరవం ఉంది, కానీ దీనికి నేను ఒప్పుకోను. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేద్దామని చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. ఆ రోజు పడిపోయిన వాళ్ల కోసమే మా ఊళ్లో అమరధామం కట్టుకున్నాం. కాల్పులు జరిపించిన ప్రభుత్వం చేతిలో ఉన్న రేడియోను "మన రేడియో" అని బోర్డు మీద రాస్తే, అమరధామం నుంచి నేరుగా మీ ప్రదర్శనకు వచ్చే పిల్లలకు ఏం చెబుతారు? అది జనం గొంతు కాదు, దర్బారు గొంతు. తెలుగు వాళ్లు ఎక్కువగా ఉన్న రాజ్యంలో తెలుగుకు దొరికింది మిగిలిన సమయమే. 1950 నుంచి రాయండి, సరిపోతుంది.

షార్ట్‌వేవ్ సార్

రాజకీయాలు మీరు తేల్చుకోండి. అసలు అది వరంగల్‌లో వినపడేదా అన్న ప్రశ్నకు నేను చెబుతాను, ఎందుకంటే బోర్డు మీద "వరంగల్ శ్రోతలు" అని రాయాలంటే ముందు అది తేలాలి.

మీడియం వేవ్‌లో పగటి పూట అల నేల వెంట సాగుతుంది. హైదరాబాద్ నుంచి వరంగల్ సుమారు 140 కిలోమీటర్లు. 5 కిలోవాట్లకు ఈ దూరం అందని దూరమేమీ కాదు, కానీ మంచి ఏరియల్ కావాలి. అందుకే ఆ కాలం ఇళ్లలో రెండు గోడల మధ్య రాగి జాలీ పట్టీ కట్టేవాళ్లు, లేదా పెంకుల మీదుగా పొడవాటి తీగ లాగేవాళ్లు. రాత్రయితే సంగతి వేరు. పొద్దు గూకాక ఆకాశంలోకి వెళ్లిన అల అయానోస్ఫియర్ (చాలా ఎత్తున విద్యుదావేశం ఉన్న గాలి పొర) మీద పడి తిరిగి కిందికి వస్తుంది. మన దూరంలో ఉన్న వాళ్లకు నేల వెంట వచ్చేదీ, పై నుంచి దిగేదీ రెండూ కలుస్తాయి. ఒకసారి ఒకదానికొకటి తోడవుతాయి, మరోసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పాట ఉన్నట్టుండి పెద్దదై, మెల్లగా లోపలికి పోయి, మళ్లీ పైకి రావడం పాత శ్రోతలందరికీ తెలుసు. చాలామంది సెట్ చెడిపోయిందనుకుని మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లేవాళ్లు. సెట్‌లో తప్పేం లేదు, మనం ఉన్న చోటే అట్లాంటిది.

ఇంకో సంగతి. దక్కన్ రేడియో 411 మీటర్ల అల పొడవు మీద వచ్చేది. ఇప్పటి హైదరాబాద్ ఎ కేంద్రం 738 కిలోహెర్ట్జ్, అంటే సుమారు 406 మీటర్లు. డయల్ మీద ముల్లు దాదాపు అక్కడే ఆగుతుంది. పేరు మారింది, ప్రభుత్వం మారింది, ముల్లు ఆగే చోటు మాత్రం పెద్దగా మారలేదు.

మానుకోట టీచర్

సార్ చెప్పింది బాగుంది. అయితే మీరంతా హైదరాబాద్ చుట్టే తిరుగుతున్నారు. మా వైపు విజయవాడ వినేవాళ్లే ఎక్కువ. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. దాని ఫ్రీక్వెన్సీ 837. హైదరాబాద్‌ది 738. అంకెలు అటూ ఇటూ తిరగేసినట్టు ఉంటాయి, మా ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడూ తికమకపడేవాళ్లు. అంతకు ముందే 1938 నుంచి మద్రాసు కేంద్రం ఉంది, అందులోనూ తెలుగు వచ్చేది. మరి వాటినీ బోర్డులో పెడతారా?

ఇంకొకటి అడగాలి. 1940లలో మన పల్లెల్లో సెట్లు ఎవరి ఇళ్లలో ఉండేవి? పట్నంలో ఉద్యోగస్తులకు, ఊళ్లో దొరలకు. పోస్టాఫీసులో లైసెన్స్ కట్టాలి, కరెంటు లేని చోట పెద్ద బ్యాటరీ కావాలి. కూలికి పోయే మనిషికి రేడియో చేతికందింది ట్రాన్సిస్టర్ వచ్చాకనే. హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం అనే పాత్రల మాటల కోసం ఎదురుచూసిన వాళ్లే నా లెక్కలో వరంగల్ మొదటి శ్రోతలు. మీ బోర్డులో వాళ్లకు చోటుందా?

కాకతీయ శ్రోత

టీచర్ గారూ, మీ రెండో ప్రశ్న నాకు చాలా నచ్చింది. వాళ్లకు చోటు లేకపోతే ప్రదర్శనే దండగ. విజయవాడ, మద్రాసు కూడా "మనం విన్నవి" అన్న బోర్డులో ఉంటాయి.

పరకాల తమ్ముడికి కాస్త వివరంగా చెప్పాలి. నువ్వు చెప్పిన కోపం న్యాయమైనది. అందుకే దక్కన్ రేడియోను దాచకూడదంటున్నాను. ఆ రేడియో గొప్పదని పొగడమని నేను అనడం లేదు. అది ఎవరి చేతిలో ఉందో, ఎవరి మాట చెప్పిందో రాద్దామంటున్నాను. 1950 నుంచి మొదలుపెడితే, అంతకు ముందు ఇక్కడ రేడియోనే లేదని చదివేవాళ్లు అనుకుంటారు. అప్పుడు నిజాం ప్రభుత్వం చేతిలో రేడియో ఉండేదన్న సంగతే మాయమవుతుంది. దానివల్ల లాభం ఎవరికి?

1948 సెప్టెంబర్ 17 సాయంత్రం ఏం జరిగిందో చూడు. నిజాం స్వయంగా మైకు ముందు కూర్చుని, తన మంత్రివర్గం రాజీనామా చేసిందని, రజాకార్లను నిషేధిస్తున్నామని చెప్పింది ఈ రేడియోలోనే. దర్బారు గొంతు అన్నావు కదా, ఆ దర్బారు ఓడిపోయానని ఒప్పుకున్నదీ అదే మైకులో. ఈ సంగతి లేని తెలంగాణ రేడియో చరిత్ర నాకు ఊహకు రాదు.

ఇంకో మనిషిని గుర్తు చేసుకుందాం. దాశరథి కృష్ణమాచార్యులు మన చిన్నగూడూరులో పుట్టినవాడు. నిజాంకు ఎదురు తిరిగి కవిత్వం రాసినందుకు నిజామాబాద్ జైల్లో పెట్టారు. అదే దాశరథి తర్వాత హైదరాబాద్ ఆకాశవాణిలో ప్రయోక్తగా పనిచేశాడు. తనను జైల్లో పెట్టిన ప్రభుత్వం నడిపిన స్టేషన్, స్వాతంత్ర్యం తర్వాత ఆయన రోజూ పనికి వెళ్లే చోటయింది. 1950 దగ్గర గీత గీసేస్తే ఈ మలుపు ఎవరికీ కనపడదు. నాకైతే ఇంతకన్నా పెద్ద గెలుపు కథ ఇంకొకటి లేదు.

మైసూరు సంగతి కూడా తీసుకో. 1935లో గోపాలస్వామి అనే ప్రొఫెసర్ ఇంట్లో పెట్టిన చిన్న స్టేషన్‌ను ఆకాశవాణి చరిత్రలో అందరూ గౌరవంగా చెప్పుకుంటారు. ఆకాశవాణి అన్న పేరు అక్కడిదే. 1950 ఏప్రిల్ 1న సంస్థానాల నుంచి ఆకాశవాణి తీసుకున్న వాటిలో మైసూరుతో పాటు హైదరాబాద్, ఔరంగాబాద్ ఉన్నాయి. వాళ్లు చెప్పుకుంటే లేని తప్పు, రెండేళ్ల ముందే ఇంట్లో స్టేషన్ పెట్టిన మహబూబ్ అలీని మనం తలుచుకుంటే వస్తుందా? ఆయన నిజాం కాదు, తపాలా శాఖలో పనిచేసే మనిషి.

ఉట్నూర్ దారి

మాది ఆదిలాబాద్ జిల్లా. చరిత్ర గురించి ఇంత మాట్లాడుతున్నారు, సంతోషం. కానీ మీడియం వేవ్ ఇక అవసరం లేదు, ఫోన్‌లో యాప్ చాలు అనే వాళ్లకు కూడా ప్రదర్శనలో ఒక మాట చెప్పండి. ఎఫ్ఎం అల కంటిచూపులా నేరుగా పోతుంది, మధ్యలో గుట్ట వస్తే అంతే. మా దగ్గర గుట్టలూ లోయలూ, చాలా చోట్ల సిగ్నల్ టవర్ లేదు. 1986లో ఆదిలాబాద్ కేంద్రం వచ్చాక గోండి మాట రేడియోలో విన్నాం. మా నాయనమ్మ ఆ కార్యక్రమం వచ్చేటప్పుడు ఇంట్లో ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. కరెంటు పోయినా, నెట్ పోయినా రెండు సెల్స్‌తో పనిచేసేది రేడియో ఒక్కటే. వానకాలం వాగు పొంగినప్పుడు ఆ విలువ మాకు తెలుస్తుంది.

పరకాల బిడ్డ

దాశరథి గారి సంగతి విన్నాక 1950 దగ్గర గీత గీయమని పట్టుబట్టను. కానీ షరతు ఉంది. దక్కన్ రేడియో బోర్డు పక్కనే పరకాల బోర్డు ఉండాలి, అంతే సైజులో. "మన రేడియో" అన్న మాట ఆ బోర్డు మీద రాకూడదు. ఇది కుదరకపోతే నేను రాను.

కాకతీయ శ్రోత

కుదురుతుంది తమ్మీ. "నిజాం ప్రభుత్వ రేడియో, 1935–1948" అని రాస్తాం. దానికి ముందు మహబూబ్ అలీ పేరుతో చిన్న బోర్డు, తర్వాత 1948 సెప్టెంబర్ 17. పరకాల బోర్డుకు మాటలు నువ్వే రాసి పంపు, ఆదివారంలోపు పంపితే ప్రింటుకు ఇచ్చేస్తాం. షార్ట్‌వేవ్ సార్, ఆ రాగి జాలీ ఏరియల్ ఒకటి దొరికితే తెచ్చి కట్టి చూపించగలరా? టీచర్ గారూ, మీ వైపు ట్రాన్సిస్టర్ కాలం నాటి శ్రోతలు ఎవరైనా ఉంటే వాళ్ల మాటలు రికార్డు చేయడానికి మేమే వస్తాం.