తేమకి అలలు పడుతున్న లిథోగ్రాఫ్: ఇస్త్రీ చేయించొచ్చా?

కోనసీమ గ్రంథాలయం:
మా చిన్న మ్యూజియంలో ఒక నైరూప్య లిథోగ్రాఫ్ (రాతి మీద గీసి కాగితం మీద తీసిన అచ్చు) ఉందండి. ఎర్రటి అర్ధచంద్రం, దాన్ని కోస్తూ నల్ల గీతలు. కింద పెన్సిల్‌తో 14/60. గోదావరికి వరదలొచ్చే నెలల్లో కాగితం అలలుగా లేస్తోంది, అంచుల్లో గోధుమరంగు మచ్చలు. వెనక ప్లైవుడ్. ఇస్త్రీ చేసి అట్టకి అతికించేస్తే సరిపోతుందని ఫ్రేములు కట్టే ఆయన అంటున్నారు. అసలిది రాతి అచ్చేనా?

రాతిఅచ్చు:
10 రెట్ల భూతద్దంతో ఎరుపు మీద చూడండి. ఆఫ్‌సెట్ (ప్రెస్సు యంత్రంలో అచ్చేసిన నకలు) అయితే రంగు చుక్కలు వరసగా, చిన్న పువ్వుల్లా అల్లుకుని కనిపిస్తాయి. రాతి మీద గీసిందైతే ఎరుపు ఒకే పొరగా పరుచుకుంటుంది. నల్ల గీత అంచున జిడ్డు క్రేయాన్ రాతి గరుకు మీద ఆనినచోటే సిరా పడి, నలుసులు చెల్లాచెదురుగా ఉంటాయి. 14/60 అంటే 60 ప్రతుల్లో 14వది, కానీ ఆ అంకె ఆఫ్‌సెట్ మీదా రాయొచ్చు. బొమ్మ తీరుని బట్టీ తేల్చకండి: 1922లో నైరూప్య చిత్రకారుడు కాండిన్‌స్కీ వేసిన ‘క్లైనె వెల్టెన్’ 12 బొమ్మల్లో లిథోగ్రాఫులతోపాటు చెక్క అచ్చులూ, డ్రైపాయింట్లూ (లోహపు రేకు మీద సూదితో గీసి తీసిన అచ్చులు) ఉన్నాయి.

గౌతమిగట్టు:
దయచేసి ఇస్త్రీ వద్దండి. తేమకి కాగితం సాగుతుంది, నాలుగు వైపులా బిగిస్తే సాగే దారిలేక పైకి లేస్తుంది. మీ అలలకి కారణం అదే అయ్యుంటుంది. పైఅంచున రెండే జపాన్ టిష్యూ (పల్చటి, గట్టి కాగితం) పట్టీలతో వెనక అట్టకి వేలాడదీయండి.

ఆ పట్టీలు అంటించే జిగురుకి మైదా ముద్దని హల్వాకి పాలు తీసినట్టు నీళ్లలో పిసకండి. బంక పారేసి, అడుగున పేరిన పిండి ఆరబెట్టండి. ఒక పాలు పిండికి 5 పాళ్ల నీళ్లు పోసి, సన్నసెగన 20 నిమిషాలు కలుపుతూ ఉడికించి, చల్లారాక గుడ్డలో వడకట్టండి. మైలుతుత్తం కలపొద్దు, రాగి కాగితాన్ని తినేస్తుంది.

ప్లైవుడ్ నుంచి ఆమ్లం దిగుతుంది, తీసేసి ఆమ్లంలేని అట్ట పెట్టండి. అద్దం బొమ్మకి తగలకుండా మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ కిటికీలా కోసిన అట్ట) ఉండాలి. వాన కొట్టే గోడ మీద వేలాడదీయకండి, ఫ్రేము వెనక మూలల్లో బిరడా ముక్కలు పెడితే గాలి ఆడుతుంది. గదిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే కాగితం రోజూ సాగి ముడుచుకుంటుంది, అది ఇంకా చేటు.

కోనసీమ గ్రంథాలయం:
విప్పి చూశాం. నాలుగు అంచులా గోధుమరంగు గమ్ టేపు. పీకేయమంటారా?

గౌతమిగట్టు:
పీకకండి, కాగితం పొర దానితోపాటే లేచొస్తుంది. పల్చటి బ్లేడుతో బొమ్మ అంచుకీ అట్టకీ మధ్య టేపుని మాత్రం కోయండి. బొమ్మకి అంటిన ముక్క అలాగే ఉండనివ్వండి, దాన్ని తడిపి తీయడం కాగితం పని తెలిసినవాళ్లే చేయాలి. మచ్చల జోలికీ వెళ్లొద్దు, బ్లీచింగ్ అసలు వద్దు.