పాత సిస్టమ్‌కి లైనక్స్: ఏది తేలిగ్గా ఎక్కుతుంది?

అటకమీదిడబ్బా: నాన్నగారి డెస్క్‌టాప్. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. దాని బదులు లైనక్స్ వేద్దామని. యూట్యూబ్, తెలుగు టైపింగ్, ప్రింటర్ నడిస్తే చాలు. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) జోలికి పోకుండా ఎక్కేది చెప్పండి.

రాత్రిబండి: లైనక్స్ మింట్‌లో తేలికపాటి రకం, ఎక్స్‌ఎఫ్‌సీఈ. కళ్లు మూసుకుని వేసేయండి. వైఫై కనపడకపోతే బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్ అయ్యుంటుంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి ఫోన్ నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్ తెరవండి. సరైన డ్రైవర్‌ని అదే వెతికిపెడుతుంది.

మినపట్టు: 2 జీబీకి మింటా? హాయిగా నడవాలంటే 4 ఉండాలని వాళ్లే రాసుకున్నారు. ఇంకా తేలికైన లైనక్స్, యాంటీఎక్స్ వేయండి, మరీ పాత చిప్పులకి 32 బిట్ రకం కూడా దొరుకుతుంది.

కీబోర్డుబాబాయ్: కోర్ 2 డ్యుయోకి 32 బిట్ ఎందుకయ్యా? అది 64 బిట్ చిప్పే. ఫ్లాపీల కాలం నుంచి లైనక్స్ ఎక్కిస్తున్నవాణ్ణి, చెబితే వినండి. యాంటీఎక్స్‌కి తల్లివేరు డెబియన్, దాని 13వ వెర్షన్‌లో 32 బిట్ ఇన్‌స్టాలరే ఎత్తేశారు.

మినపట్టు: వేయమని నేనెక్కడన్నాను? దొరుకుతుందన్నాను. నా నెట్‌బుక్‌లో ఉన్నది ఆటమ్ ఎన్270, దానికి 64 బిట్ ఎక్కనే ఎక్కదు. గోదాట్లో పారేయమంటారా?

కీబోర్డుబాబాయ్: ఆయన అడిగింది నీ నెట్‌బుక్ గురించా?

డీటీపీకొట్టు: మీ బిట్ల గొడవ తర్వాత. నాన్నగారు టైప్ చేసేది అను ఫాంట్లలోనా? మా కొట్లో పెళ్లికార్డులన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. ఒక కుర్రాడు ఉత్సాహపడి లైనక్స్ ఎక్కించాడు, అదీ మాఘమాసంలో! ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. కార్డులకిచ్చిన పార్టీ వాళ్లు కొట్టు ముందే కూర్చున్నారు.

అక్షరాలపిచ్చి: అను యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లకీ ఒకే అక్షర సంకేతాలు) కాదు కాబట్టి ఆ తిప్పలు. మామూలు టైపింగ్‌కి ఏ బాధా లేదు. ఐబస్ అనే టైపింగ్ సాధనానికి ఎం17ఎన్ అనే లేఅవుట్ల ప్యాకేజీ కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ కీబోర్డు లేఅవుట్లు అన్నీ వస్తాయి.

డీటీపీకొట్టు: పాత ఫైళ్ల సంగతి చెప్పండి ముందు.

సీటీసీ_కస్టమర్: అసలు రోగం ఎవరూ పట్టుకోలేదు. ఏ డిస్ట్రో (లైనక్స్ రకం) వేసినా యూట్యూబ్ తెరవగానే బ్రౌజరే ఆ 2 జీబీని మింగేస్తుంది. హార్డ్‌డిస్క్ పీకి ఎస్‌ఎస్‌డీ పెట్టండి, ర్యామ్ 4 చేయండి. బోర్డుకి పట్టే ర్యామ్ డీడీఆర్2నో 3నో చూసుకుని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్లో సెకండ్‌హ్యాండ్ అడగండి.

రాత్రిబండి: అప్పుడు మింటే వేసుకోవచ్చు. నేను చెప్పిందదే కదా!

అటకమీదిడబ్బా: అందరికీ థాంక్స్. ప్రింటర్ ఊసే ఎవరూ ఎత్తలేదు. కానన్ ఎల్‌బీపీ 2900.

కీబోర్డుబాబాయ్: ఆ మాట ముందే చెప్పాలి కదయ్యా! దానికి కానన్ వాళ్ల కాప్ట్ డ్రైవర్ విడిగా వేయాలి. టెర్మినల్ తప్పదు.

మినపట్టు: ఫ్లాపీల కాలం మనిషి మీరే ఉన్నారుగా బాబాయ్ గారూ, వెళ్లి ఎక్కించి రండి.